గజాలు కొలిచి గద్దె ఎక్కించకండి

ఆస్టిన్‌లో ఆట ఉన్న ప్రతి శనివారం ఒకే డేరా కింద చేరే, టెక్సస్ విశ్వవిద్యాలయ జట్టు లాంగ్‌హార్న్స్‌ని అభిమానించే మన బృందానికి,

అన్నయ్యలకీ వదినలకీ, డాలస్ వైపు నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చే బావగారికీ, అమెరికన్ ఫుట్‌బాల్ విషయంలో మనకంటే ఎక్కువ తెలిసిన మన పిల్లలకీ నమస్కారాలు, ఆశీస్సులు.

మీరంతా కూర్చుని తయారుచేసిన టెక్సస్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్‌ల (బంతి అందుకుని ఆట నడిపించేవాళ్ళ) వరస పట్టిక నాకు అందింది. లామినేషన్ కూడా చేయించారు. కింద అందరి సంతకాలూ ఉన్నాయి, నా పేరు పక్కన మాత్రం ఖాళీ. వచ్చే సీజన్ మొదటి ఆటకి డేరా స్తంభానికి కడతామని, ఆలోపు సంతకం పెట్టి పంపమనీ అన్నయ్య కబురు పెట్టారు. నేను పెట్టను. ఫోన్‌లో చెబితే మళ్ళీ నా మాట సగంలో కోసి బిర్యానీ మీదికి వెళ్ళిపోతారు కాబట్టి, ఎందుకు పెట్టనో నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను.

మీ పట్టికలో జేమ్స్ స్ట్రీట్ పదకొండోవాడు. బాబీ లేన్ ఏడోవాడు. డ్యూక్ కార్లైల్ అసలు లేడు. ఈ మూడూ చూడగానే మీ కొలబద్ద ఏమిటో అర్థమైంది. మన అబ్బాయి ఎక్సెల్ షీటులో ఒక్కొక్కడు ఎన్ని గజాలు పాస్ విసిరాడో దించి, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకి పేర్చాడు. మీరు అటూ ఇటూ రెండు పేర్లు జరిపి ఆమోదముద్ర వేశారు. మియాపూర్‌లో ప్లాటు కొన్నట్టు గజాల లెక్కన క్వార్టర్‌బ్యాక్‌ని కొన్నారన్నమాట. ప్లాటుకైనా రోడ్డు ఎటుందో, ఈశాన్యం పెరిగిందో తరిగిందో చూస్తాం కదా బావగారూ!

పోనీ ఆ గజాల మీదైనా నిలబడ్డారా అంటే, లేదు. గజాలే ప్రమాణమైతే కోల్ట్ మెకాయ్ 13,253తో మొదట ఉండాలి. తరవాత శామ్ ఎలింగర్ 11,436, క్విన్ యూఅర్స్ 9,128, మేజర్ యాపిల్‌వైట్ 8,353. విన్స్ యంగ్ టెక్సస్‌లో విసిరినవి 6,040 గజాలే. మీ లెక్క ప్రకారం అతను మొదటి ఐదుగురిలో కూడా రాడు. అయినా అతన్నే అగ్రస్థానంలో పెట్టారు. ఎందుకు పెట్టారు? ఆ రాత్రి మీరూ చూశారు కనక. కళ్ళారా చూసినవాడి దగ్గరికి వచ్చేసరికి షీటు పక్కన పడేశారు, చూడనివాళ్ళ దగ్గర మాత్రం షీటే శాసనం అయింది. నా గొడవంతా ఇదే.

ఆ రాత్రి సంగతి నాకూ బాగా గుర్తుంది. 2006 జనవరి 4, బుధవారం, రోజ్ బౌల్‌లో జాతీయ టైటిల్ ఆట (బౌల్ అంటే సీజన్ చివర జరిగే పెద్ద ఆట). నేను ఆస్టిన్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను, నలుగురం ఒక అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలన్న ఒక్క నియమం తప్ప నాకు ఈ ఆటలో ఏమీ తెలియదు. అవతల యూ.ఎస్.సి. (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) వరసగా 34 ఆటలు గెలిచి వచ్చిన జట్టు, హైస్‌మన్ ట్రోఫీ (ఏటా అత్యుత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చేది) తీసుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఏడు నిమిషాలు కూడా మిగలని సమయంలో 38-26తో వెనకబడ్డాం. ఆఖరికి నాలుగో ప్రయత్నం, ఇంకా ఐదు గజాలు కావాలి, గోల్ గీత ఎనిమిది గజాల దూరంలో ఉంది. విన్స్ బంతి పట్టుకుని ఎవరికి విసరాలా అని చూశాడు, ఎవరూ ఖాళీగా లేరు. కుడివైపుకి పరుగందుకున్నాడు. పరుగు అనడానికి కూడా లేదు, పెళ్ళిలో వడ్డనకి వెళ్ళేవాడిలా పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ ఆ మూలకి చేరిపోయాడు. ఇంకా 19 సెకన్లు మిగిలి ఉన్నాయి. 41-38. పాస్‌లు 267 గజాలు, పరుగు సరిగ్గా 200 గజాలు. కుక్కర్లో పప్పు మాడిపోయిన వాసన వచ్చేదాకా మాకు ఒళ్ళు తెలియలేదు. అర్ధరాత్రి గ్వాడలూప్ వీధిలో హారన్లు, టవర్ మీద నారింజ రంగు దీపాలు. ఆ రోజు నుంచే నేను ఈ ఆటకి బానిసనయ్యాను. కాబట్టి విన్స్ మొదటి స్థానం గురించి నాకు పేచీ లేదు. క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టిన 32 ఆటల్లో 30 గెలిచినవాడు, అంతకు ఏడాది ముందు మిషిగన్ మీద అదే రోజ్ బౌల్‌లో నాలుగు టచ్‌డౌన్లు (బంతితో గోల్ గీత దాటడం, ఒక్కోదానికి ఆరు పాయింట్లు) పరిగెత్తి చేసినవాడు. అతని మీద వాదించడానికి నాకు నోరు రాదు.

ఇక మిగతావాళ్ళ సంగతి. నేల టికెట్ పావలా ఉన్న రోజుల సినిమా వసూళ్ళనీ ఇవాళ్టి మల్టీప్లెక్స్ వసూళ్ళనీ పక్కపక్కన పెట్టి ఎవరు పెద్ద హీరో అని తేల్చేవాణ్ణి చూస్తే మనం నవ్వుతాం. మీ షీటు చేసింది అదే. 1972 దాకా ఫుట్‌బాల్‌లో మొదటి సంవత్సరం విద్యార్థిని ప్రధాన జట్టులోకి రానిచ్చేవారు కాదు, యుద్ధకాలంలాంటి మినహాయింపులు తప్ప. అంటే 1960ల చివర్లో ఆడిన స్ట్రీట్ లాంటివాడికి నాలుగేళ్ళ చదువులో ఆటకి మూడేళ్ళే. అప్పట్లో సీజన్‌కి పది పదకొండు ఆటలు. మెకాయ్ మొదలుపెట్టినవే 53 ఆటలు, స్ట్రీట్‌వి 20. ఇంకో చిత్రం చెప్పనా? 2002కి ముందు బౌల్ ఆటల అంకెల్ని కాలేజీ క్రీడల సంఘం ఎన్.సి.ఏ.ఏ. సీజన్ లెక్కల్లో కలపనే లేదు. పాతవాళ్ళ జీవితంలో అతిపెద్ద రోజు ఏదో, అదే ఖాతాలో జమపడలేదు.

ఆ దెబ్బ బాబీ లేన్‌కి తగిలినట్టు ఇంకెవరికీ తగల్లేదు. 1946 జనవరి 1న డాలస్ కాటన్ బౌల్‌లో మిస్సోరి మీద టెక్సస్ 40-27తో గెలిచింది. ఆ నలభైలో ప్రతి పాయింటుకీ లేన్ చెయ్యో కాలో తగిలే ఉంది. మూడు టచ్‌డౌన్లు తనే పరిగెత్తి చేశాడు. ఒకటి సహచరుడు విసిరిన బంతి పట్టుకుని చేశాడు. రెండు తను విసిరి చేయించాడు. టచ్‌డౌన్ తరవాత తన్ని సంపాదించే ఎక్స్‌ట్రా పాయింట్లు నాలుగూ తనే తన్నాడు. ఒక్కసారి కూడబెట్టి చూడండి, సరిగ్గా నలభై వస్తాయి. విస్తరి వేసింది, వండింది, వడ్డించింది, చివరికి తాంబూలం ఇచ్చింది కూడా ఒక్కడే. మీ అబ్బాయి షీటులో ఈ రోజుకి గడి లేదు.

అసలు లేన్ టెక్సస్‌లో ఉన్న నాలుగేళ్ళలో మొదటి మూడేళ్ళూ ఇప్పుడు మనం క్వార్టర్‌బ్యాక్ అనే స్థానంలో నిలబడలేదు. అప్పటి పద్ధతిలో బంతి నేరుగా వెనకనున్నవాడికి వెళ్ళేది, విసిరినా పరిగెత్తినా అతనే. 1947లో బ్లెయిర్ చెర్రీ కోచ్‌గా వచ్చి టీ-ఫార్మేషన్ తెచ్చాకే లేన్ బంతి అందించే సెంటర్ వెనక నిలబడ్డాడు. ఆ ఒక్క ఏడాదిలోనే జట్టు పదకొండింట్లో పది గెలిచి, షుగర్ బౌల్‌లో అలబామాని 27-7తో కొట్టింది. కొత్త పాత్ర, కొత్త కోచ్, ఒకే ఏడాది. ఆ తరవాత డెట్రాయిట్ లయన్స్‌కి 1952, 1953ల్లో టైటిళ్ళు తెచ్చిన సంగతి నేను ఎత్తను. ప్రొఫెషనల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. ఆట లెక్కలోకి రాదన్న మీ నియమం ఒక్కటీ నాకు నచ్చింది. లేన్‌కి రెండో స్థానం.

కార్లైల్ గురించి క్లుప్తంగా చెబుతాను. టెక్సస్‌కి మొదటి జాతీయ టైటిల్ 1963లో వచ్చింది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ పేరు మీ పట్టికలో లేకపోతే అది పట్టిక ఎలా అవుతుంది? అప్పటి నియమాల్లో ఆటగాళ్ళని మార్చడం మీద పరిమితులుండేవి, అందుకే చాలామంది దాడిలోనూ డిఫెన్స్‌లోనూ ఆడాల్సి వచ్చేది. బేలర్‌తో ఆట 7-0 మీద ఉండగా, ఆఖరి ఘడియల్లో వాళ్ళు ఎండ్ జోన్‌లోకి (గోల్ గీత అవతలి చోటుకి) విసిరిన బంతిని డిఫెన్స్‌లో నిలబడి లాక్కున్నది మన క్వార్టర్‌బ్యాక్ కార్లైలే. టైటిల్ అక్కడ నిలిచింది. తరవాత 1964 జనవరి 1న కాటన్ బౌల్. అదే డాలస్ నగరంలో అధ్యక్షుడు కెనడీని చంపి నలభై రోజులు. ఎదుట నేవీ జట్టు, ఆ ఏడాది హైస్‌మన్ అందుకున్న రోజర్ స్టాబాక్. అందరూ స్టాబాక్ విసురుతుంటే చూద్దామని వచ్చారు. పాస్ చేతకాని జట్టుగా పేరుపడ్డ టెక్సస్ తరఫున కార్లైల్ ఫిల్ హారిస్‌కి రెండు పొడవాటి టచ్‌డౌన్ పాస్‌లు వేసి, ఇంకొకటి తనే పరిగెత్తాడు. 28-6. ఇతన్ని మొదటి పదిలో ఎక్కడైనా పెట్టండి, ఒప్పుకుంటాను. లేకుండా మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పక్క స్థలంలో మడత కుర్చీ వేసుకుని కూర్చునే తెల్లజుట్టు పెద్దాయన మీ అందరికీ తెలుసు. మన మిర్చి బజ్జీ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ ఇంకోటి అడిగే ఆయనే. నిరుడు ఒకసారి మీరంతా స్టేడియం లోపలికి వెళ్ళిపోయాక నేను సామాను సర్దుతూ ఉండిపోయాను. జేమ్స్ స్ట్రీట్ అంత గొప్పవాడా అని ఆయన్ని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా మన మడత బల్ల మీద చట్నీ కప్పులు నాలుగు తీసుకున్నారు. ఒకటి ముందు పెట్టారు. దాని వెనకే ఇంకోటి. ఆ వెనక చెరోవైపు ఒక్కోటి. చూస్తే మన ఊళ్ళో పిట్టల్ని కొట్టే పంగలకర్ర ఆకారం. కోడి రొమ్ము దగ్గర ఉండే పంగ ఎముక కూడా అలాగే ఉంటుంది, అందుకే దానికి విష్‌బోన్ అని పేరొచ్చింది.

ముందున్న పల్లీ చట్నీ కప్పు క్వార్టర్‌బ్యాక్. అవతలి జట్టు మనుషులుగా నాలుగు నిమ్మకాయ ముక్కలు. "ఈ ఇద్దర్నీ మనవాళ్ళు అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు" అంటూ రెండు ముక్కల్ని పక్కకి జరిపారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని వెనకనున్న ఫుల్‌బ్యాక్ పొట్టలో పెడుతూనే మొదటి ముక్కని చూస్తాడు. అది కదలకపోతే బంతి వదిలేస్తాడు, ఫుల్‌బ్యాక్ మధ్యలోంచి దూసుకుపోతాడు. అది మీదపడితే బంతి వెనక్కి లాక్కుని పక్కకి పరిగెడతాడు. ఇప్పుడు రెండో ముక్క. అది తన మీదికొస్తే వెంట పరిగెత్తే హాఫ్‌బ్యాక్‌కి బంతి విసిరేసి తను దెబ్బ తినాలి. రాకపోతే తనే పరిగెత్తాలి. మూడు దారులు, రెండు నిర్ణయాలు, అంతా కలిపి రెప్పపాటు. కబడ్డీలో కూతకి వెళ్ళినవాడు ఎవరి మడమ కదిలిందో చూసి చెయ్యి వేసినట్టు ఉంటుంది. ఈ పని సరిగ్గా చేస్తే క్వార్టర్‌బ్యాక్ పేరు మీద అంకె ఏదీ పడదు. గజాలు ఫుల్‌బ్యాక్‌వి, టచ్‌డౌన్ హాఫ్‌బ్యాక్‌ది, కమిలిన పక్కటెముకలు మాత్రం ఇతనివి. చెప్పడం అయ్యాక పెద్దాయన క్వార్టర్‌బ్యాక్‌ని ఇడ్లీతో అద్దుకుని తినేశారు.

ఆ పద్ధతిని 1968 వేసవిలో తయారుచేసినవాడు ఎమరీ బెలార్డ్, నడిపించిన ప్రధాన కోచ్ డారెల్ రాయల్. పాస్ విసిరితే మూడు జరగొచ్చు, అందులో రెండు చెడ్డవే అన్న మాట రాయల్ పేరుతో ఇప్పటికీ చెలామణిలో ఉంది. అలాంటి కోచ్ కింద ఆడిన కుర్రాడిని పాస్‌ల గజాలతో తూచారు మీరు! ఉపవాసం ఉన్నవాడు ఎన్ని లడ్డూలు తిన్నాడని అడిగినట్టుంది.

ఆ ఏడాది మొదటి ఆట హ్యూస్టన్‌తో 20-20, సమానంగా ముగిసింది. రెండోది లబక్‌లో టెక్సస్ టెక్ చేతిలో 31-22తో ఓటమి. ఆ ఆట మధ్యలోనే రాయల్ తన అసలు క్వార్టర్‌బ్యాక్ బిల్ బ్రాడ్లీని తప్పించి, లాంగ్‌వ్యూ నుంచి వచ్చిన స్ట్రీట్‌ని పంపాడు. వెళ్ళు, ఇంతకంటే ఘోరంగా నువ్వూ ఆడలేవులే అనే అర్థం వచ్చేలా చెప్పి పంపాడంటారు. ఆ తరవాత స్ట్రీట్ మొదలుపెట్టిన ఆటలు 20, గెలిచినవి 20.

జట్టు గొప్పది, ఎవరున్నా గెలిచేదే అని అన్నయ్య అంటారని తెలుసు. అందులో కొంత నిజముంది. స్ట్రీట్ వెళ్ళిపోయాక 1970లో ఎడ్డీ ఫిలిప్స్ అదే విష్‌బోన్‌తో ఇంకో పది గెలిచి వరస గెలుపుల్ని 30కి చేర్చాడు. ఇది నా వాదనకి అడ్డమే, దాచను. అయితే పద్ధతి పనిచేసినప్పుడు ఎవరైనా గెలుస్తారు. పద్ధతి విరిగిపోయిన రోజు ఎవరు నిలబడ్డారన్నదే నా ప్రశ్న. అలాంటి రోజు ఒకటుంది.

1969 డిసెంబర్ 6, ఫయట్‌విల్. మొదటి ర్యాంకు టెక్సస్, రెండో ర్యాంకు ఆర్కన్సా. ఈ ఆట అక్టోబర్‌లో జరగాల్సింది, ఏ.బి.సి. టీవీవాళ్ళ కోరిక మీద సీజన్ చివరికి జరిపారు. అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. టెక్సస్ ఆ రోజు బంతిని ఆరుసార్లు పోగొట్టుకుంది. మూడు క్వార్టర్లు అయ్యేసరికి 14-0తో వెనక. నాలుగో క్వార్టర్ మొదటి బంతికే స్ట్రీట్ పాస్ వేద్దామని వెనక్కి వెళ్ళాడు, దారి దొరకలేదు, సందు చూసుకుని 42 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. వెంటనే రెండు పాయింట్ల ప్రయత్నం, అదీ తనే మోసుకెళ్ళాడు. 14-8.

తరవాత ఐదు నిమిషాల కంటే తక్కువ ఉంది. నాలుగో ప్రయత్నం, మూడు గజాలు కావాలి, బంతి మన సొంత సగంలోనే ఉంది. మైదానంలో ఉన్న ప్రతివాడూ మూడు గజాల కోసం గుద్దుకుంటారనే అనుకున్నారు. రాయల్ పొడవాటి పాస్ వెయ్యమన్నాడు, అదీ ఆ రోజు బంతి అందుకోవడం మీద ఎవరికీ ఆశలేని టైట్ ఎండ్ ర్యాండీ పెషెల్‌కి. అందరూ గుమిగూడినప్పుడు ఆర్కన్సావాళ్ళు తన కళ్ళనే గమనిస్తున్నారని స్ట్రీట్‌కి తెలుసు. అందుకని మొహం కాటన్ స్పైరర్ వైపు తిప్పి, వేలూ అతని వైపే చూపిస్తూ, మాట మాత్రం పెషెల్‌తో అన్నాడు. ఈ సంగతి స్ట్రీటే తరవాత చాలాసార్లు చెప్పాడు. మన అమ్మలు అత్తగారి ముందు కోడిగుడ్డు కూర సంగతి పిల్లలతో మాట్లాడే పద్ధతి ఇదే, గుర్తుపట్టారా? పాస్ ఇద్దరు డిఫెండర్ల చేతుల మధ్యలోంచి పెషెల్ చేతుల్లో పడింది, 44 గజాలు. ఇంకో రెండు బంతులకి టచ్‌డౌన్, హ్యాపీ ఫెలర్ తన్నిన ఎక్స్‌ట్రా పాయింట్. 15-14.

నెల తిరక్కుండా 1970 జనవరి 1న కాటన్ బౌల్‌లో నోట్రడామ్ మీద మళ్ళీ అదే పరిస్థితి, మళ్ళీ నాలుగో ప్రయత్నం, మళ్ళీ పాసే. ఈసారి స్పైరర్‌కి. నేలకి తగలబోతున్న బంతిని అతను వంగి అందుకున్నాడు. 21-17. పాస్ వెయ్యని జట్టులో, పాస్ తప్పనిసరైన రెండే రెండు క్షణాల్లో, రెండుసార్లూ బంతి చేరాల్సిన చోటికే చేరింది. మీ షీటులో అవి రెండు పాస్‌లు. ఆ ఏడాది టైటిల్ నిలిచింది వాటి మీదే. (పక్కమాట: స్ట్రీట్ బేస్‌బాల్ పిచర్ కూడా. 1970లో టెక్సస్ టెక్ మీద ఒక్కణ్ణి కూడా బేస్ ఎక్కనివ్వకుండా పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. మొదట తను ఓటమిలో దిగింది ఆ టెక్ మీదే కదా, బాకీ తీర్చుకున్నాడేమో.)

ఇంత చెప్పాక ఒక మాట దాటేస్తే నాకు నిద్ర పట్టదు. 1969 టెక్సస్ జట్టులో నల్లజాతి ఆటగాడు ఒక్కడు కూడా లేడు. మొత్తం తెల్లవాళ్ళతో జాతీయ టైటిల్ గెలిచిన ఆఖరి జట్టు అదే. జూలియస్ విటియర్ 1970లో ఆ జట్టుకి ఆడేదాకా తలుపు మూసే ఉంది. టెక్సస్‌కి మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ డానీ లిటిల్, 1970ల చివర్లో. ఆఖరి ఏడాది అతన్ని రిసీవర్‌గా మార్చారు. నారింజ చొక్కాలేసుకుని మనం ఇవాళ దర్జాగా డేరా వేసే ఆ ప్రాంగణంలో, ఒకప్పుడు మంచి క్వార్టర్‌బ్యాక్ కాగలిగినవాళ్ళు ఎందరో గేటు బయటే ఆగిపోయారు. వాళ్ళ పేర్లు ఏ పట్టికలోనూ ఉండవు. అందువల్ల స్ట్రీట్ చేసింది తక్కువైపోదు, కానీ 20-0 పక్కన ఈ వాక్యం కూడా చిన్న అక్షరాల్లో ఉండాలని నా పట్టు. అందుకే డానీ లిటిల్ పేరు ఎక్కించండి, ఎన్నో స్థానమైనా సరే.

జేమ్స్ బ్రౌన్‌ని మీరు పైకి జరపాలి. 1996 డిసెంబర్‌లో, అప్పట్లో టెక్సస్ ఆడిన బిగ్ 12 అనే కాలేజీ లీగ్ మొదటి ఫైనల్, సెయింట్ లూయిస్‌లో. నెబ్రాస్కా మూడు టచ్‌డౌన్ల తేడాతో గెలుస్తుందని విలేకరులు ముఖం మీదే అంటే, మేమే మూడు టచ్‌డౌన్లతో గెలవొచ్చేమో అన్నాడు. ఆఖర్లో నాలుగో ప్రయత్నం, అంగుళాల దూరం, సొంత సగంలో. ఎడమకి పరిగెత్తుతున్నట్టు వెళ్ళి డెరెక్ లూయిస్‌కి బంతి వేశాడు, 61 గజాలు. 37-27. మాట ఇచ్చి నిలబెట్టుకున్నవాడికి తొమ్మిదో స్థానమా?

మెకాయ్ దగ్గరే నా చెయ్యి ఆగింది. వదినగారికి మెకాయ్ అంటే ప్రాణమని తెలుసు. టస్కోలా అనే చిన్న ఊరి కుర్రాడు, 45 విజయాలు, 2008లో వేసిన పాస్‌ల్లో 76.7 శాతం చేరాయి, అప్పటికి అది జాతీయ రికార్డు. 2010 జనవరి 7న అలబామాతో టైటిల్ ఆట, ఐదో బంతికే కుడి భుజానికి దెబ్బ. లోపల గదిలో తండ్రికి బంతి విసిరి చూసుకున్నాడు, చేతిలో స్పర్శ లేదు. చదువులో మొదటి ఏడాదిలో ఉన్న గారెట్ గిల్బర్ట్ ఆడాడు, 37-21తో పోయింది. అతను నిలబడి ఉంటే ఏమయ్యేదో అని మనం పదేళ్ళకి పైగా అనుకుంటూనే ఉన్నాం. దెబ్బ తగలడం అతని తప్పు కాదు, దానికి నేను మార్కులు తగ్గించలేదు. నిజానికి ఆ ఆట దాకా రావడమే ఒక్క సెకను చలవ. నెబ్రాస్కాతో బిగ్ 12 ఫైనల్లో మెకాయ్ బంతి బయటికి విసిరేసరికి గడియారం సున్నా చూపించింది, రిఫరీలు ఒక సెకను తిరిగి పెట్టారు, హంటర్ లారెన్స్ తన్నాడు, 13-12. స్ట్రీట్ మూడు, మెకాయ్ నాలుగు. వెంట్రుకవాసి తేడా. వదినగారు క్షమించాలి.

మిగతావాళ్ళ గురించి పెద్దగా తగువులేదు. క్రిస్ సిమ్స్ కంటే యాపిల్‌వైట్ పైన ఉండాలి, అంతే. 2001 డిసెంబర్‌లో మన ఇర్వింగ్‌లోనే, ఇప్పుడు కూల్చేసిన టెక్సస్ స్టేడియంలో, కొలరాడోతో బిగ్ 12 ఫైనల్లో సిమ్స్ బంతి పదేపదే పోగొట్టుకుంటే, బెంచీ మీంచి లేచొచ్చి, చివరికి ఓడినా, ఆటని 39-37 దాకా లాక్కొచ్చింది యాపిల్‌వైట్. ఆ నెలాఖర్లో హాలిడే బౌల్‌లో 19 పాయింట్లు వెనకబడి 47-43తో గెలిచింది కూడా అతనే, 473 గజాలు. ఏడాదంతా రెండోవాడిగా కూర్చోబెట్టినా మూతి ముడవలేదు. ఎలింగరా యూఅర్సా అన్నది పిల్లలు తేల్చుకోనివ్వండి. ఆర్చ్ మానింగ్‌ని ఆరో స్థానంలో ఎందుకు రాశారో మాత్రం నాకు అంతుపట్టలేదు. పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల ఇంటిపేరు చూసి మార్కులు వేస్తే ఎలా? అతని ఆట ఇక్కడ పూర్తయ్యాక చూద్దాం, ప్రస్తుతానికి కొట్టెయ్యండి.

ఇంకొకటి, ఇది మన డేరా దాటి బయటికి పంపాల్సిన మాట. విన్స్ 10, మెకాయ్ 12, లేన్ 22, ఈ చొక్కా నంబర్లకి టెక్సస్ శాశ్వతంగా విశ్రాంతి ఇచ్చింది, ఎర్ల్ క్యాంప్‌బెల్, రికీ విలియమ్స్, టామీ నోబిస్‌ల వాటితో పాటు. స్ట్రీట్ వేసుకున్న 16కి ఆ గౌరవం లేదు. విశ్వవిద్యాలయానికి రాద్దామని నా ఉద్దేశం. ఉత్తరం నేను రాస్తాను, మీరు సంతకాలు పెట్టండి. లామినేషన్ మీద పెట్టినంత ఉత్సాహంగా.

పట్టిక మార్చి పంపితే నేనూ సంతకం పెడతాను. మార్చకపోయినా మొదటి ఆటకి ఉదయం ఎనిమిదింటికల్లా వస్తాను. చట్నీలు నేను తెస్తాను, ఈసారి కప్పులు రెండు డజన్లు. పెద్దాయన కుర్చీ నీడ వైపు వేయించండి, నిరుడు ఆయనకి ఎండ తగిలింది. ఆయన బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పదకొండో నంబరు మాత్రం కనబడనివ్వకండి.

మీ తమ్ముడు,
పల్లీ చట్నీ బాధ్యుడు